ఇంటి స్లాబు ఎవరి చేతిలో పెట్టాలి?

దివ్య ఖుర్ఆన్‌లో అల్ ఖసస్ సూరాలో ఒక చిన్న ఘట్టం ఉంది. మూసా (అలై) ఈజిప్టు విడిచి మద్యన్ చేరుకున్నారు. అక్కడి నీటి రేవు దగ్గర, మిగతా కాపరులు వెళ్లేదాకా తమ మందను ఆపుకుని నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు కనిపిస్తే, ఆయనే వాళ్ల మందకు నీళ్లు పెట్టారు. తర్వాత ఆ ఇద్దరిలో ఒకామె, ఇతన్ని పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చింది. అందుకు ఆమె చెప్పిన కారణాలు రెండు: బలమున్నవాడు, నమ్మదగినవాడు.

ఈ ఘట్టం మనం బయాన్లలో చాలాసార్లు విన్నాం. పనివాణ్ని ఎంచుకునే విషయంలో ఇంతకన్నా సూటి పాఠం లేదని నా అభిప్రాయం. ఆమె చెప్పింది ఒక గుణం కాదు, రెండు. బలం అంటే కండబలం మాత్రమే కాదు, ఆ పనికి కావలసిన సామర్థ్యం. ఆ రెండు గుణాల గురించీ ఆమె ఎవరో చెబితే వినలేదు, ఆయన పని చేస్తుండగా చూసింది. ఇక తండ్రి మంచివాడే కదా అని ఊరుకోలేదు. పెళ్లి మాటతోపాటే షరతు కూడా మాట్లాడాడు: ఎనిమిదేళ్లు పని, పదేళ్లు పూర్తి చేస్తే అది నీ ఇష్టం. మూసా (అలై) ఒప్పుకుని, ఆ మాటకు అల్లాహ్‌ను సాక్షిగా పెట్టారు. ప్రవక్త కాబోయే మనిషితో కుదిరిన ఒప్పందంలోనే గడువు, సాక్ష్యం ఉన్నాయి. మన వీధి మేస్త్రీతో కుదుర్చుకునే ఒప్పందంలో అవి ఉండవు. అడిగితే, "భాయ్, మన మధ్య కాగితాలేంటి?" అంటాడు. ఆ మాట వినగానే మనకూ మొహమాటం వచ్చేస్తుంది.

ఈ సంచిక చదివేవారిలో చాలామంది దాతలు. కొందరు సొంత ఇల్లు కడుతూ ఉంటారు, కొందరు కువైట్‌లోనో సౌదీలోనో ఉన్న కొడుకు పంపే డబ్బుతో కట్టిస్తూ ఉంటారు. ఇంకొందరు తలా ఒక చేయి వేసి, మొహల్లాలో ఒక వితంతువు ఇంటికి రేకులు తీసి స్లాబు వేయిస్తూ ఉంటారు. డబ్బు ఎవరిదైనా సమస్య ఒక్కటే. పైకప్పు పనిని ఎవరికి అప్పగించాలి? అప్పగించాక అతన్ని ఎలా గమనించాలి?

మనవాడేనా అన్న ప్రశ్న

మనలో ఎక్కువమంది కాంట్రాక్టరును ఎంచుకునే పద్ధతి ఇది: మన జమాత్ మనిషే, ఐదు పూటలా నమాజుకు వస్తాడు, మా బావమరిదికి బాగా తెలుసు. ఇందులో ఒక్కటి కూడా అతని పని గురించి చెప్పే మాట కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ప్రసిద్ధమైన ఉదంతం ఒకటి ఉంది. ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పడానికి వస్తే, నువ్వు నాకు తెలియదు, నిన్ను ఎరిగినవాణ్ని తీసుకురా అన్నారాయన. ఒకరు లేచి, ఇతను మంచివాడు, నాకు తెలుసు అన్నారు. ఉమర్ (రజి) ఆయన్ని వరుసగా అడిగారు. నువ్వు ఇతని పొరుగున ఉండి రాకపోకలు చూశావా? ఇతనితో డబ్బు లావాదేవీ చేశావా? ఇతనితో కలిసి ప్రయాణం చేశావా? అన్నిటికీ లేదనే జవాబు వచ్చింది. అలాగైతే ఇతను నీకు తెలియదు అని ఉమర్ (రజి) తేల్చేశారు. మస్జిద్‌లో అతను తల వంచడం, ఎత్తడం మాత్రమే చూసి ఉంటావని కూడా అన్నట్టు చెబుతారు.

నమాజును తక్కువ చేసే మాట కాదిది. నమాజు అతనికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. సిమెంటు మనకూ అతనికీ మధ్య విషయం. మొదటి సఫ్‌లో నిలబడే మనిషికి కడ్డీ వంచడం రావాలని లేదు, పని బాగా వచ్చిన మేస్త్రీ మన మతం వాడే కావాలనీ లేదు. మన ఊళ్లలో సెంట్రింగ్ పని, తాపీ పని, కడ్డీ పని చేసేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మనవాడికి పని ఇస్తే పుణ్యం అనుకునేవాళ్లు ఆ ఉద్దేశంతోనే ఇవ్వవచ్చు. పరీక్ష మాత్రం అందరికీ పెట్టినట్టే అతనికీ పెట్టాలి. పరీక్ష లేకుండా ఇస్తే అతనికి మేలు చేసినట్టు కాదు. రేపు పని చెడితే పోయేది స్లాబు ఒక్కటే కాదు, రెండు కుటుంబాల మధ్య సలాం కూడా పోతుంది.

స్లాబుకే ఇంత చర్చ ఎందుకు?

గోడ వంకరగా కడితే కళ్లకు కనిపిస్తుంది, విప్పి మళ్లీ కట్టించవచ్చు. తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టించవచ్చు. స్లాబు అలా కాదు. ఉదయం మొదలై సాయంత్రానికి పూర్తవుతుంది. ఆ కొన్ని గంటల్లో ఏం కలిపారో, ఎంత నీళ్లు పోశారో, కడ్డీ ఎక్కడ కూర్చుందో అంతా లోపల ఉండిపోతుంది. పైన నున్నగా గీసేస్తే మంచి స్లాబు, చెడ్డ స్లాబు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది ఐదేళ్లకో పదేళ్లకో, కింద పెచ్చులు ఊడి తుప్పు పట్టిన కడ్డీ బయటపడ్డప్పుడు.

బరువు కూడా ఒకసారి లెక్క వేద్దాం. హైస్కూలు పిల్లలకు చెప్పే దీర్ఘఘనం ఘనపరిమాణం పాఠమే ఇది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న స్లాబు అనుకోండి. 600 చదరపు అడుగులను 5తో గుణించి 12తో భాగిస్తే 250 ఘనపుటడుగులు వస్తాయి. అంటే దాదాపు 7 ఘనపు మీటర్లు. కడ్డీతో కలిసిన కాంక్రీటు ఘనపు మీటరు 2,500 కిలోల బరువు ఉంటుంది. ఆ లెక్కన మన పిల్లలు పడుకునే మంచాల పైన 17 టన్నులకు పైగా బరువు నిలబడి ఉంటుంది. ఇందులో బీములు కలపలేదు. అంత బరువును మన తల మీద నిలబెట్టే మనిషిని మొహమాటంతో ఎంచుకోవచ్చా?

పని ఎక్కడ చూడాలి?

కాంట్రాక్టరు తనంతట తాను చూపించేది నిన్న మొన్న పూర్తయిన ఇల్లు. రంగులు వేసి, లైట్లు పెట్టి ఉంటుంది. దాన్ని చూసి తెలుసుకునేది తక్కువ. నాలుగైదేళ్ల కిందట అతను వేసిన స్లాబులు రెండు మూడు అడగండి, వీలైతే వర్షం పడ్డ మర్నాడు వెళ్లండి. లోపలికి వెళ్లి పైకి చూడండి. ఫ్యాను కొక్కెం చుట్టూ చెమ్మ మరకలు, బీముకు స్లాబు కలిసే చోట పగుళ్లు, ఎర్రటి తుప్పు చారలు ఉన్నాయేమో చూడండి. డాబా మీదకెక్కితే నీళ్లు గొట్టం వైపు పోతున్నాయో, మధ్యలో మడుగు కట్టాయో తెలిసిపోతుంది.

ఇంటివాళ్లను "పని బాగుందా?" అని అడిగితే బాగుందనే చెబుతారు, మంచిమాట చెప్పడం మన అలవాటు. అందుకని ప్రశ్న మార్చాలి. మొదట చెప్పిన రేటు ఎంత, చివరికి ఇచ్చింది ఎంత? మధ్యలో ఎన్ని రోజులు పని ఆగింది? ఆగినప్పుడు ఫోను ఎత్తాడా? పని అయ్యాక ఏదైనా కారితే వచ్చి చూశాడా? ఈ నాలుగింటికి వచ్చే జవాబులే అసలు సర్టిఫికెట్.

ఇంకో ఇద్దరిని కూడా అడగాలి. ఒకరు ఇనుము, సిమెంటు అమ్మే షాపతను. అతనికి బాకీలు పెట్టే కాంట్రాక్టరు మన అడ్వాన్సుతో పాత బాకీ తీరుస్తాడు, మన సరుకుకు మళ్లీ డబ్బు వెతుక్కుంటాడు. ఇలాంటివాళ్లు అందరూ మోసగాళ్లేమీ కారు. చేతిలో ఒకేసారి నాలుగు పనులు పెట్టుకుని, ఒక ఇంటి డబ్బు ఇంకో ఇంటికి తిప్పుతుంటారు. ఎక్కడో ఒకచోట ఆ గొలుసు తెగుతుంది. తెగినచోట ఉన్నవాడు నష్టపోతాడు.

రెండోవారు అతని దగ్గర పనిచేసే కూలీలు. శనివారం కూలి శనివారమే ఇస్తాడా అని టీ కొట్టు దగ్గర మాటల్లో అడిగితే చెబుతారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (సఅసం) ఆదేశం మనకు తెలుసు. తన కింద పనిచేసే పేదవాడి కూలి ఎగ్గొట్టేవాడు మన సిమెంటు బస్తా దగ్గర మాత్రం నిజాయితీగా ఉంటాడని నేను నమ్మను.

రేటు అనే మాయ

ముగ్గురి దగ్గర రేట్లు తీసుకోమని అందరూ చెబుతారు, తీసుకుంటారు కూడా. చిక్కేమిటంటే ఆ ముగ్గురూ చెప్పింది ఒకే పనికి కాదు. ఒకరు లేబర్ మాత్రమే అంటారు, ఇంకొకరు సెంట్రింగ్ సామాను తనదే అంటారు, మూడో ఆయన మెటీరియల్‌తో సహా అంటారు. చదరపు అడుగుకు ఇంత అన్నప్పుడు, ఆ అడుగులను ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారు? గోడల బయటి అంచు దాకానా, స్లాబు బయటికి వచ్చిన అంచు దాకానా? సన్‌షేడులు అందులో ఉన్నాయా, విడిగా కొలుస్తారా? మెట్లు, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు దిమ్మె, కింద సీలింగు ప్లాస్టరింగు ఎవరి లెక్కలో ఉన్నాయి? మిక్సరు, వైబ్రేటరు అద్దె, దానికి డీజిల్ ఎవరిది? గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. తక్కువ రేటు చెప్పినవాడు చాలాసార్లు వీటిలో సగం వదిలేసి చెబుతాడు. స్లాబు సగంలో ఉండగా, అది మన మాటల్లో లేదు కదా భాయ్ అంటాడు. అప్పుడు మనం ఏం చేయగలం? సెంట్రింగ్ కొట్టి ఉంది, కడ్డీ కట్టి ఉంది, ఆకాశంలో మబ్బు ఉంది. అడిగినంత ఇస్తాం.

వస్తువేమిటో, ధరేమిటో తేలకుండా చేసే బేరాన్ని ప్రవక్త (సఅసం) వారించారు. ఫిఖ్ పుస్తకాల్లో దాన్ని గరర్ అంటారు. సముద్రంలో ఉన్న చేపను, గాలిలో ఎగిరే పిట్టను అమ్మడం దానికి ఉదాహరణలుగా చెబుతారు. కొలత చెప్పని స్లాబు రేటు కూడా దాదాపు అలాంటిదే.

అందుకని ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి. ఇంజనీరు గీసిన స్లాబు డ్రాయింగు, కడ్డీ సైజులు, కాంక్రీటు గ్రేడు, పనిలో చేరేవి, చేరనివి అన్నీ ఒక పేజీలో రాసి, దీనికి రేటు రాయండి అనండి. రాయను, నోటితో చెబుతాను అన్నవాడి దగ్గర ఆగిపోవడం మంచిది. సివిల్ ఇంజనీరుకు ఫీజు ఎందుకు దండగ అనుకునేవాళ్లు చాలామంది. మొత్తం ఇంటి ఖర్చులో అది చాలా చిన్న మొత్తం. మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా, కడ్డీ ఎంత దూరంలో ఉండాలో గది వెడల్పును బట్టి లెక్క కట్టేది ఇంజనీరే.

లెక్క మనకూ తెలిసి ఉండాలి. ఇళ్ల స్లాబులకు కనీసం ఎం20 గ్రేడు కాంక్రీటు వాడాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మామూలుగా కలిపే పాళ్లలో అది ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతుల కంకర. ఈ పాళ్లలో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. పైన చెప్పిన 600 అడుగుల స్లాబుకు, బీములు కాకుండా, 56 నుంచి 58 బస్తాలన్నమాట. నలభై చాలంటే పాళ్లు తగ్గిస్తున్నాడు. డెబ్బై అయిదు కావాలంటే మిగిలినవి ఎక్కడికి పోతాయో అడగాలి. కడ్డీకీ ఒక సులువైన లెక్క ఉంది. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే, మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మీటర్ల పూర్తి కడ్డీ 8 ఎంఎం అయితే సుమారు 4.7 కిలోలు, 10 ఎంఎం 7.4 కిలోలు, 12 ఎంఎం 10.7 కిలోలు ఉండాలి. రెండు కడ్డీలు తూకం వేయించి చూడండి, బాగా తక్కువ వస్తే ఆ లోడు దించుకోవద్దు. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంటే ఈ లెక్కలన్నీ ఆమెకే అప్పగించండి. ఆ పిల్లకు గణితం ఎందుకో తెలుస్తుంది, మేస్త్రీకి ఈ ఇంట్లో లెక్క చూసేవాళ్లు ఉన్నారని తెలుస్తుంది.

కాగితం అంటే అనుమానం కాదు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో హజ్ గురించో కాదు, గడువు పెట్టి చేసే అప్పును రాసుకోవడం గురించి. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని, సాక్షులను పెట్టుకోమని అందులో ఉంది. అప్పటికప్పుడు చేతులు మారే సరుకు అయితే రాయకపోయినా తప్పు లేదని కూడా ఉంది. ఇళ్ల కాంట్రాక్టు ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తుందో మనమే ఆలోచించాలి. ముందు డబ్బు ఇస్తాం, నెలల తర్వాత పని తీసుకుంటాం. కాబట్టి కాగితం అడగడం తోటి ముస్లింను అనుమానించడం కాదు, అల్లాహ్ చెప్పిన పద్ధతి పాటించడం. ఈ మాట నవ్వుతూ చెబితే ఏ మేస్త్రీ కాదనడు.

ఆ ఆయత్‌లోనే, తాను చెప్పి రాయించలేని బలహీనుడి తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలని కూడా ఉంది. గల్ఫ్ కుటుంబాలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. కడప, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎన్నో ఇళ్ల డబ్బు కువైట్ చెమటే. భర్త అక్కడ, ఇక్కడ భార్య, ముసలి అత్తగారు. కాంట్రాక్టరుతో మాటలన్నీ ఫోనులోనే నడుస్తాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. కాంట్రాక్టరు అదే మొహల్లా మనిషి. సెంట్రింగ్ కొట్టకముందే ముప్పాతిక డబ్బు ఫోనులో అడిగి వేయించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో ఊళ్లో పెద్ద పని దొరికింది. స్తంభాల పైన నిలబడ్డ కడ్డీలు ఒక వర్షాకాలమంతా తడిసి తుప్పు పట్టాయి. ఆ ఇల్లాలు అడగడానికి వెళితే, మీ ఆయనతో మాట్లాడుకుంటాను అనేవాడట. ఆమె చేతిలో కాగితం లేదు, ఎంత ఇచ్చారో ఆమెకే తెలియదు. సెలవు దొరికి భర్త వచ్చేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ ఒప్పందంలో ఇంట్లో ఉండే మనిషి సంతకం, చెల్లింపుల పుస్తకం ఆమె చేతిలో ఉండి ఉంటే కథ వేరుగా నడిచేది.

కాగితంలో పెద్ద భాష అవసరం లేదు. ఏ పని, ఏ సామాను, ఎంత డబ్బు, ఏ దశలో ఎంత, ఏ తేదీకి పూర్తి, అదనపు పని వస్తే దాని రేటు ముందే రాసి సంతకం పెట్టాకే మొదలు, స్లాబుకు నీళ్లు పట్టే బాధ్యత ఎవరిది, వానాకాలంలో కారితే ఎవరి ఖర్చుతో బాగు చేయాలి. కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. డబ్బు బ్యాంకు ద్వారానో, ఫోను పే లాంటి వాటి ద్వారానో ఇస్తే తేదీతో సహా రుజువు ఉంటుంది. చేతికి ఇస్తే రసీదు రాయించుకోండి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు పనికన్నా కొద్దిగా వెనక నడవాలి, ముందు పరుగెత్తకూడదు. పని మొదలుపెట్టడానికి పదో వంతు అడ్వాన్సు సమంజసం. సెంట్రింగ్, కడ్డీ పూర్తయి ఇంజనీరు చూసి సరే అన్నాక ఒక పెద్ద భాగం, స్లాబు పోశాక ఒక భాగం, సెంట్రింగ్ విప్పి కింద చూశాక ఒక భాగం. ఇరవయ్యో వంతో, కొంచెం ఎక్కువో, మొదటి వర్షాకాలం గడిచేదాకా ఆపుకోవచ్చు.

అయితే ఇక్కడ యజమాని వైపు తప్పు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని తప్పనుకోరు. ఆపే మొత్తం, తిరిగి ఇచ్చే తేదీ ఒప్పందంలో ముందే రాసి ఉంటేనే ఆపాలి. పని అంతా చేయించుకుని చివర్లో ఏదో ఒక వంక పెట్టి పదివేలు కొట్టేయడం, రాసుకోని సన్‌షేడు ఉచితంగా వేయించుకోవడం కూడా మోసమే. కూలివాడితో పూర్తి పని తీసుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ అన్నట్టు బుఖారీ హదీసులో ఉంది. ఏటేటా జకాత్ లెక్క కట్టే చేత్తోనే మేస్త్రీ బాకీ కూడా లెక్క చూసుకోవాలి.

స్లాబు రోజున

స్లాబు రోజు మన ఇళ్లలో చిన్న పండుగ. పనివాళ్లందరికీ భోజనం, చాలా ఇళ్లలో బిర్యానీ. పెట్టడం మంచిదే. కానీ యజమాని దేగిశా దగ్గర ఉంటే మిక్సరు దగ్గర ఎవరున్నట్టు? వంట ఇంకొకరికి అప్పగించండి. ఇంకో మాట, శుక్రవారం స్లాబు పెట్టుకోవద్దు. జుమా వేళకు సగంమంది వెళితే పని ఆగుతుంది. ఆగిన చోట పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకు పడుతుంది, తర్వాత నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి.

ముందు రోజు సాయంత్రమే ఇంజనీరును తీసుకెళ్లి చూపించండి. కింద నిలబెట్టిన సర్వీ బాదులు మెత్తటి మట్టి మీద కాక పలకల మీద నిలబడ్డాయా? కడ్డీ కింద కవర్ బ్లాకులు ఉన్నాయా? ఈ చిన్న బిళ్లలను చాలామంది పట్టించుకోరు. కడ్డీ నేరుగా రేకు మీద కూర్చుంటే దాని కింద కాంక్రీటు పొర ఉండదు. చెమ్మ తగిలి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పెచ్చును నెట్టేస్తుంది. లోపలి ప్రాంతాల్లో స్లాబు కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల పొర ఉండాలి. బాపట్ల, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ ఉప్పు గాలికి తోడు ఉప్పు ఇసుక కూడా కలిస్తే కడ్డీకి ఆయుష్షు ఉండదు.

కలిపేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా నీళ్లు. ఎం20కి 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు జారుతుంది, పనివాడికి చేయి నొప్పి తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. నీళ్ల డబ్బాకు గీత గీసి ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టండి. అలా కూర్చోవడానికి ఇంజనీరే కానక్కరలేదు, ఇంటర్ చదివే అబ్బాయి చాలు. వైబ్రేటరు పనిచేస్తోందా, పాడైతే ఇంకోటి సిద్ధంగా ఉందా అన్నది కూడా పొద్దున్నే తేల్చుకోవాలి.

మర్నాటి నుంచి నీళ్లు పట్టాలి. మడులు కట్టి నీళ్లు నిలపడం మన ఊళ్లలో పాత పద్ధతి, అదే మంచిది. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ ఎక్కువగా ఉన్నా, బూడిద కలిసిన పీపీసీ సిమెంటు అయినా కనీసం 10 రోజులు, 14 రోజులైతే మేలు. సెంట్రింగ్ సామాను రోజువారీ అద్దె కాబట్టి కాంట్రాక్టరు తొందరపడతాడు. నాలుగున్నర మీటర్ల లోపు, అంటే దాదాపు 15 అడుగుల లోపు గదికి బాదులు కనీసం 7 రోజులు, అంతకన్నా పెద్ద గదికి 14 రోజులు తీయకూడదు. 6 మీటర్ల లోపు బీముల కింద 14 రోజులు, దానికన్నా పొడవైతే 21 రోజులు. ఇవి ప్రమాణంలో ఉన్న కనీస గడువులు. ఈ గడువులు ఒప్పందంలో ముందే రాస్తే ఆ రోజు వాదన ఉండదు.

పది మంది కలిసి వేయించే కప్పు

వితంతువు ఇంటికో, పేద ఇమామ్ గారి ఇంటికో అందరం కలిసి స్లాబు వేయించేటప్పుడు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. డబ్బు అందరిది, కాబట్టి చూసేవాడు ఎవరూ ఉండరు. ఇచ్చినవాళ్లు మళ్లీ అడిగితే చూపుకోసం ఇచ్చినట్టు అవుతుందేమోనని ఊరుకుంటారు. తీసుకున్న ఆమె, ఉచితంగా వచ్చినదానికి వంక పెడితే బాగుండదని ఊరుకుంటుంది. వీళ్లిద్దరి మౌనం మధ్య నుంచి సిమెంటు బస్తాలు జారిపోతాయి. కొన్నిచోట్ల కాంట్రాక్టరు తన లాభం వదులుకుని సదఖా అనుకుని చేస్తాడు, అది గొప్ప సంగతి. అయినా లెక్క, కాగితం, ఇంజనీరు తనిఖీ మానకూడదు.

నా సూచన ఒక్కటే. ప్రతి దశలో డబ్బు విడుదల చేసే ముందు ఆ ఇంటి ఇల్లాలి సంతకం తప్పనిసరి చేయండి. తన ఇంటి పనిని తాను చూసి సరే అన్నాకే కాంట్రాక్టరుకు డబ్బు వస్తుందని తెలిస్తే, ఆ మనిషి ఆమెతో మాట్లాడే తీరు మారుతుంది. దానం తీసుకునే మనిషి ఇంటి యజమానురాలుగా నిలబడుతుంది. జకాత్ సొమ్ము వాడుతున్నట్టయితే, హనఫీ ఫిఖ్‌లో అది హక్కుదారు స్వాధీనంలోకి రావాలన్న నియమం ఉంది కాబట్టి, డబ్బు ఎవరి చేతి మీదుగా నడవాలో ముందే మీ ఊరి ముఫ్తీ సాహెబ్‌ను అడిగి పని మొదలుపెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా గొడవ రావచ్చు. మొదట కాగితం పెట్టుకుని, సాక్షులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడండి, తేలినదాన్ని కూడా రాసి సంతకాలు పెట్టించండి. తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఇళ్ల నిర్మాణాన్ని కూడా సేవగానే చెప్పారు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ఫిర్యాదు రెండేళ్ల లోపు వేయాలి. 1915 నంబరుకు ఫోను చేస్తే ఎలా వేయాలో చెబుతారు. అక్కడా మొదట అడిగేది ఒప్పందం, చెల్లింపుల రుజువులే.

పాత స్లాబు కారుతుంటే వచ్చే వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ల విషయంలోనూ ఇదే నడవడి. పదేళ్ల గ్యారంటీ అని నోటితో చెప్పే మాటకు విలువ లేదు. ఏ కెమికల్, ఎన్ని పూతలు, కారితే ఏం చేస్తారు అన్నది రాయించాలి. పూత వేశాక గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్లు నిలిపి కింద చూడాలి, మిగతా డబ్బు ఆ తర్వాతే. కడ్డీ తుప్పు పట్టి పెచ్చులు ఊడుతున్న స్లాబుకు పైన ఎంత ఖరీదైన పూత వేసినా లోపలి తుప్పు ఆగదు, దానికి ముందు ఇంజనీరును పిలవాలి.

చివరగా ఒక చిన్న పని. కాంక్రీటు పోయకముందు, కడ్డీ కట్టి ఉన్న స్లాబును ప్రతి గదికీ టేపు పెట్టి ఫోటోలు తీయించండి. కరెంటు పైపులు ఎటు పోయాయో, బీముల్లో కడ్డీలు ఎన్ని ఉన్నాయో కనబడాలి. ఆ ఫోటోలు, డ్రాయింగు, ఒప్పంద కాగితం, సిమెంటు, ఇనుము బిల్లులు ఒకే కవరులో పెట్టి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో ఉంచండి. పదిహేనేళ్లకు కొడుకు పెళ్లికి పైన ఇంకో అంతస్తు వేయాలనుకుంటే, కింద ఏముందో ఆ రోజు వచ్చే ఇంజనీరుకు గోడ పగలగొట్టకుండా తెలుస్తుంది.